మైకమ్మ చేతుల మీద గుడ్డ

మైకమ్మ అని ఆవిడకి పేరు పెట్టింది నేనే. అసలు పేరు వేరే ఉందిలెండి, అది పలకబోతే నా నాలుక మడత పడేది. బస్‌స్టేషన్‌లో ఒక మూలగా అద్దాల గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదకి వచ్చిందో, ఏది బయల్దేరబోతోందో మైకులో చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఆ ఊళ్ళో ఆ గొంతు తెలియనివాళ్ళు లేరు. మనిషిని ఎరిగినవాళ్ళే తక్కువ. పొట్టిగా, సన్నగా, మెడ చుట్టూ ఆకుపచ్చ స్కార్ఫుతో ఉంటుంది. ఇంత మనిషిలోంచా అంత గొంతు వచ్చేది అనిపిస్తుంది చూస్తే.

ఆ పరాయి దేశానికి నేనెలా చేరానంటారా? ఇష్టపడి చేరలేదు బాబూ. మా ఆవిడ తీసుకెళ్ళింది, సూట్‌కేసుతో పాటు.

మా ఆవిడది టైపు ఇన్‌స్టిట్యూట్. మిషన్ల కాలం పోయాక అదే గదిలో కంప్యూటర్లు పెట్టి నేర్పింది. అదీ మూతపడ్డాక ఇంట్లో ఊరికే కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు. ఇస్త్రీ అతనికి ఫోను వాడటం నేర్పింది, పక్కింటి ముసలాయనకి నేర్పింది, ఆఖరికి నాకు నేర్పబోయి "మీకు చెప్పేకంటే గోడకి చెప్పుకోవడం నయం" అని వదిలేసింది. అప్పుడు దొరికింది ఈ సంస్థ. రిటైరైన టీచర్లని వేరే దేశాలకి పంపి, అక్కడి పేటల్లో మామూలు జనానికి కంప్యూటరూ ఫోనూ నేర్పిస్తారట. జీతం లేదు. ఉండటానికి గది ఇస్తారు, రానుపోను టికెట్లు కొంటారు. "ఈ వయసులో పరాయి దేశమేమిటే, మతి గానీ పోయిందా?" అని గట్టిగానే అరిచాను. "వస్తే రండి. రాకపోతే వంట నేర్చుకోండి" అంది. వంట నా వల్ల కాదు కాబట్టి వెళ్ళాను.

అక్కడి భాష మా ఆవిడ బయల్దేరేలోపే సగం పట్టేసింది. నేను బస్సు డిపోలో మెకానిక్‌గా బతికినవాణ్ణి. వచ్చిన నాలుగు ముక్కలూ మాట్లాడి, మిగతాది చేతులూపి గడిపేవాణ్ణి. అందరికీ అర్థమయ్యేది, ఒక్క మైకమ్మకి తప్ప. నేనెంత చేతులూపినా ఆవిడ అదే నవ్వు నవ్వుతూ, "నోటితో చెప్పండి మెకానిక్ గారూ" అనేది. నా చేతుల భాషే అధ్వానంగా ఉందేమో అనుకున్నాను. ఆవిడే ఓపిగ్గా నాకు మాటలు నేర్పింది. ఇక్కడ మాత్రం అందరి మాటలూ మన మాటల్లోనే చెప్పేస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మా గది బస్‌స్టేషన్ వెనక వీధిలో ఇచ్చారు. మా ఆవిడ క్లాసుకి పోతే నాకు ఏం తోస్తుంది? డిపో వాసన ముక్కుకి తగలగానే కాళ్ళు అటే లాక్కెళ్ళాయి. రోజూ వెళ్ళి ఆ అద్దాల గది ముందు బెంచీ మీద కూర్చునేవాణ్ణి. ఒకరోజు ఏదో బస్సు గేటు మలుపులోనే ఉండగా, కంటికింకా ఆననే లేదు, ఈవిడ మైకులో దాని నంబరు చెప్పేసింది. నేను ఉలిక్కిపడ్డాను. చప్పుడు విని బస్సుని పోల్చడం మా బోటి వాళ్ళకి తెలుసు గానీ, అద్దాల గదిలో కూర్చున్న ఈవిడకెలా తెలిసింది? లోపలికెళ్ళి అడిగేశాను.

"మా ఆయన డ్రైవరు" అంది. "ఆయన గేరు మార్చే తీరు నాకు తెలిసేది. ఆయన బస్సొస్తుంటే మైకులో నా గొంతు మారిపోతోందని అందరూ ఏడిపించేవాళ్ళు. ఒకటి తెలిశాక మిగతావి కూడా ఒక్కోటే తెలిశాయి. ఆయన పోయాడు. బస్సులు మాత్రం చెవిలో ఉండిపోయాయి."

అంతే, మా ఇద్దరికీ జట్టు కుదిరిపోయింది. ఆ రోజు నుంచి పందేలే పందేలు. బస్సు మలుపు తిరగ్గానే నేను ఇంజను రోగం చెప్పాలి, ఆవిడ నంబరు చెప్పాలి. నేను అప్పుడప్పుడూ ఓడేవాణ్ణి, ఆవిడ ఓడేది కాదు. "బెల్టు అరుస్తోంది" అని నేనంటే, "అరుస్తోంది పాపం, ఎవరికి చెప్పుకుంటుంది" అని మైకు ఆపి మరీ నవ్వేది. సాయంత్రం వాళ్ళ చెల్లెలొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది. అక్కాచెల్లెళ్ళంటే ఇలా ఉండాలి, ఈ వయసులో కూడా చేతులు పట్టుకుని నడుస్తున్నారు అని నేను ముచ్చటపడేవాణ్ణి. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ మైకమ్మే ఒకరోజు డ్యూటీ దిగాక, మా ఆవిడ సాయంత్రం క్లాసులో ప్రత్యక్షమైంది.

క్లాసు ఒక లాండ్రీ పైన హాల్లో, అప్పుడప్పుడూ నేనూ వెళ్ళి వెనక కూర్చునేవాణ్ణి. కింద ఇస్త్రీ ఆవిరి, పైన మా ఆవిడ కేకలు. సెంటరు నడిపే అమ్మాయి మంచిది, నెమ్మదస్తురాలు. "టీచర్ గారూ, వీళ్ళకి బిల్లు కట్టడం, మెసేజ్ పంపడం వస్తే చాలు. ఈ రోజుల్లో టైపింగ్ ఎందుకండీ?" అంది మొదటిరోజే. మా ఆవిడ వింటుందా? "చేతులకి దారి తెలియనివాళ్ళు తెర మీద ఏం వెతుకుతారమ్మా" అని, క్లాసు మొదట కాసేపు టైపింగే చేయించింది. అది కూడా తన పాత పద్ధతిలో. ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళినవాళ్ళకి ఈ పద్ధతి తెలిసే ఉంటుంది. కీబోర్డు మీద చేతులు పెట్టించి, ఆ చేతుల మీద ఒక గుడ్డ కప్పేస్తారు. కీల వంక చూడకూడదు, వేళ్ళే వెతుక్కోవాలి. మా ఆవిడ ఒక పాత దుప్పటిని ముక్కలుగా కత్తిరించి, అంచులు కుట్టుకుని మరీ తెచ్చింది ఇంటి దగ్గర్నుంచి. ఎవరైనా గుడ్డ కింద నుంచి దొంగచూపు చూస్తే చాలు, "చూడకూడదు!" అని అరిచేది, అదీ అచ్చంగా మన భాషలో. కోపమొస్తే ఆవిడకి వేరే భాష రాదు. క్లాసు మొత్తం నేర్చుకున్న మొదటి మన మాట అదే.

అక్కడ ఒక మంగలి ఉండేవాడు, మహా వాగుడుకాయ. "టీచరమ్మా, కళ్ళు మూసుకుని క్షవరం చేయమంటే నా దగ్గరికి ఎవడొస్తాడు చెప్పండి" అని గుడ్డ తీసేసేవాడు. పక్కన పూలమ్మే ఆవిడ చూడనట్టు నటిస్తూ ఓరకంట చూసేది. ఒక్క మైకమ్మ మాత్రం తల నిటారుగా, చూపు ఎదురుగా పెట్టి, కిందకి దించేదే కాదు.

మా ఆవిడ మురిసిపోయింది. "అదిగో! ఆవిణ్ణి చూసి నేర్చుకోండి. గుడ్డ తీసేసినా కిందకి చూస్తుందేమో చూడండి! నా జీవితంలో ఇలాంటి స్టూడెంటు దొరకలేదు" అని రోజూ అదే పాట. ఇంటికొచ్చి నాకూ అదే పాట. మంగలి పళ్ళు నూరుకున్నాడు. అప్పుడప్పుడూ మైకమ్మ తెర మీద ఒక వరస మొత్తం పిచ్చి అక్షరాలు పడేవి, చేతులు ఒక కీ పక్కకి జరిగి. మా ఆవిడ వంగి, "ఎఫ్ మీదా జే మీదా సన్నటి గీత ఉంటుంది, తడుముకో. అది దొరికితే ఇక దారి తప్పవు" అని చెప్పింది. ఆ రోజు మైకమ్మ ఆ రెండు గీతల్నీ అలా నిమురుతూ చాలాసేపు కూర్చుండిపోయింది. అవి కీల మీద ఉన్నాయని నాకే తెలీదు, నాకూ భలే అనిపించింది.

తర్వాత కొన్నాళ్ళకి స్టేషన్‌కి మొదటి కరెంటు బస్సొచ్చింది. తెల్లగా నిగనిగలాడుతూ, ఇంజను చప్పుడు లేదు, పొగ లేదు. పిల్లి నడిచినట్టు వచ్చి రెండో ప్లాట్‌ఫారం మీద ఆగింది. కాసేపుండి వెళ్ళిపోయింది. మైకు పలకలేదు. సామాన్లతో వెయిటింగ్ హాల్లో కూర్చున్న ఒక కుటుంబం పరిగెత్తుకొచ్చేసరికి బస్సు గేటు దాటేసింది. ఆ ఇంటాయన అద్దాల గది తలుపు మీద కొట్టి నానా మాటలూ అన్నాడు.

నేను లోపలికెళ్ళాను. మైకమ్మ రెండు చేతులతో మైకు స్టాండు పట్టుకుని, చెవి కిటికీ వైపు పెట్టి కూర్చునుంది.

"అదేంటి మైకమ్మా, ఎదురుగా వచ్చి ఆగిన బస్సుని చెప్పలేదేం?" అన్నాను.

"వచ్చిందా?" అంది.

ఆ ఒక్క మాటతో నాకు అంతా తెలిసిపోయింది. ఊపిన చేతులు, చెల్లెలు పట్టుకున్న చెయ్యి, నిటారు తల, అన్నీ. అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డాను.

"ఎన్నాళ్ళయింది తల్లీ?"

"ఒక్కసారిగా పోలేదు. పక్కల్నుంచి మెల్లగా మూసుకుంటూ వచ్చింది. ఇప్పుడు వెలుగు తెలుస్తుంది, మనుషులు నీడల్లా కదులుతారు. అక్షరం మాత్రం కనపడదు. ఇక తిరిగి రాదని డాక్టరు చెప్పేశాడు. చెల్లికి తప్ప ఎవరికీ తెలీదు." మైకు స్టాండు వదిలి మళ్ళీ అంది. "చలికాలం వెళ్ళేసరికి అన్నీ ఈ మూగ బస్సులేనట. బస్సు గేటు దాటగానే దాని నంబరు కంప్యూటర్ తెర మీద పడుతుంది, అది చూసి చెప్పాలట. నేను తెర చూడలేను. కనీసం వేళ్ళకైనా కాస్త పని నేర్పుకుందామని మీ ఆవిడ దగ్గరికొచ్చాను. ఆవిడేమో అందరి ముందూ మెచ్చుకుంటుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను."

"పోనీ మానేసి హాయిగా ఇంట్లో..." అన్నాను. నా నోరు కాలిపోను.

"తిండి గురించి కాదండీ నా బాధ. ఈ గదిలోంచి వెళ్ళిపోతే నేను మా చెల్లెలింట్లో కుర్చీని. పొద్దున ఎవరో తీసుకెళ్ళి ఎండలో పెడతారు, మధ్యాహ్నం ఎవరో తీసుకొచ్చి లోపల పెడతారు. మైకు దగ్గరున్నంతసేపే నేను మనిషిని. ఎవరికీ చెప్పనని మాటివ్వండి."

మాటిచ్చాను. ఇచ్చి ఏం లాభం? నా కడుపులో మాట దాగదని నాతో కాపురం చేసిన మనిషికి తెలీదా! అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూ ఉండిపోయాను. "ఏమైంది, చెప్పి ఏడవండి" అంది. చెప్పేశాను.

మా ఆవిడ గరిటె కింద పెట్టేసింది. "నన్నెంత పిచ్చిదాన్ని చేసింది!" అంది ముందు. తర్వాత "నేనేమో... అందరి ముందూ... ఆవిణ్ణి చూసి నేర్చుకోండని..." అంటూ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందో కోప్పడుతోందో నాకు అర్థం కాలేదు. ఆవిడకీ అర్థమైనట్టు లేదు. మర్నాడు పొద్దున్నే గుడ్డలన్నీ ఉతికి ఆరేసింది.

ఆ రోజు నేను క్లాసుకి వెళ్ళి వెనక కూర్చున్నాను. ఏం చేస్తుందీవిడ? మైకమ్మని పక్కకి పిలిచి జాలిగా మాట్లాడుతుందా? ఇంక నీకు గుడ్డ ఎందుకులే అంటుందా? అలా అంటే ఆ మనిషి ఇంకోసారి ఈ మెట్లెక్కదు, అది మాత్రం నాకు ఖాయంగా తెలుసు. మా ఆవిడ గుడ్డలు చేతిలో పట్టుకుని వరసగా కప్పుకుంటూ వస్తోంది. మంగలికి కప్పింది. పూలమ్మే ఆవిడకి కప్పింది. మైకమ్మ దగ్గరికొచ్చింది. ఆగుతుందేమో అనుకున్నాను. ఆగలేదు. అందరికీ కప్పినట్టే కప్పి, అంచు సర్ది, గట్టిగా అంది: "చూడకూడదు!"

అంతవరకూ మైకమ్మని ఆ మాట అనాల్సిన పనే పడలేదు. ఆవిడకి అర్థమైంది, టీచరమ్మకి తెలిసిపోయిందని. ఒక్క క్షణం బిగుసుకుపోయింది. తర్వాత భుజాలు కదిలాయి. నవ్వడం మొదలెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. చేతులు మాత్రం గుడ్డ కింద నుంచి తీయలేదు. "ఏమైందీవిడకి?" అన్నాడు మంగలి. "నీ పని నువ్వు చూసుకో" అంది మా ఆవిడ, ముక్కు ఎగబీలుస్తూ. అరవై దాటినవాణ్ణి, సిగ్గు విడిచి చెప్తున్నాను, మా ఆవిడని చేసుకున్నందుకు ఆ రోజు పొంగిపోయినట్టు మా పెళ్ళిలో కూడా పొంగిపోలేదు.

క్లాసయ్యాక మా ఆవిడా మైకమ్మా కలిసి సెంటరమ్మాయిని కూర్చోబెట్టి విషయం చెప్పారు. ఆ అమ్మాయి ఒక్క మాట ఎక్కువ మాట్లాడకుండా కంప్యూటర్‌లో ఏదో ఏర్పాటు తెరిచింది. తెర మీద ఏం పడినా చదివి చెప్తుంది, కీ నొక్కితే ఏ అక్షరమో చెప్తుంది. ఒక చెవిలో చిన్న ఇయర్‌ఫోను పెట్టుకుంటే చాలు. మైకమ్మ మొదటిసారి విన్నప్పుడు మొహం చిట్లించింది. "ఎవరండీ ఈవిడ, రైలు తప్పిపోతున్నట్టు గబగబా మాట్లాడుతోంది? మైకు ముందు ఇలా మాట్లాడితే జనం కొడతారు" అంది. కొన్నాళ్ళు ఆ గొంతుతో రోజూ పోట్లాటే. "నెమ్మదిగా చెప్పవే పిల్లా", "చెప్పిందే ఎన్నిసార్లు చెప్తావ్, నాకు చెవుడు కాదు" అని దాన్ని తిట్టేది. మంగలికి మెల్లగా సంగతి తెలిసింది. ఆ తర్వాత గుడ్డ తీయడం మానేశాడు.

"మీ స్టేషన్ పెద్దాయనకి చెప్పెయ్యి" అని మా ఆవిడ పోరు పెట్టింది. "ముందు చేసి చూపిస్తాను టీచరమ్మా. తర్వాత చెప్తాను. ముందే చెప్తే జాలిపడి ఇంటికి పంపించేస్తాడు. ఆయన మంచివాడు, అదే నా భయం" అంది మైకమ్మ. అప్పటిదాకా ఒకటీ అరా వచ్చే మూగ బస్సుల నంబరు నేనే గుమ్మంలో నిలబడి చెప్పేవాణ్ణి.

చూపించే రోజు రానే వచ్చింది. పాత బస్సుల్లో ఆఖరువి కూడా పోయాయి. ఆ పొద్దున స్టేషన్ ఎంత నిశ్శబ్దంగా ఉందంటే పావురాల రెక్కల చప్పుడు వినిపిస్తోంది. మా ఆవిడా నేనూ అద్దాల గది బయట బెంచీ మీద కూర్చున్నాం. తలుపు తెరిచే ఉంది. పెద్దాయన వచ్చాడు. లావుపాటి మనిషి, ఎప్పుడూ వేలికి తాళాల గుత్తి తిప్పుతుంటాడు, ఆ గలగలని బట్టే మైకమ్మ ఆయన్ని పోల్చుకుంటుంది. కొత్త పద్ధతి ఎలా నడుస్తోందో చూద్దామని ఆవిడ వెనక నిలబడ్డాడు.

మైకమ్మ చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుంది. సంచిలోంచి మా దుప్పటి గుడ్డ తీసి, చేతుల మీద పరుచుకుంది. మొదటి బస్సు చప్పుడు లేకుండా వచ్చింది, మైకు పలికింది. రెండోది వచ్చింది, పలికింది. ఏ బస్సో ఆలస్యమవుతుందని కబురొస్తే అది టైపు చేసి బయట బోర్డు మీద పెట్టాలి. అలాంటి కబురొకటి వచ్చింది, వేళ్ళు కదిలాయి. బోర్డు మీద అంతా పిచ్చి అక్షరాలు! చేతులు ఒక కీ పక్కకి జరిగిపోయాయి. మా ఆవిడ నా ముంజెయ్యి పట్టుకుని నలిపేసింది. లేచి వెళ్ళి సర్దుతుందేమో అని నేను భయపడ్డాను. వెళ్ళలేదు. మైకమ్మ చెవిలో కూడా ఆ పిచ్చి కూత పడినట్టుంది, ఆగింది. గుడ్డ కింద వేళ్ళు మెల్లగా తడుముకున్నాయి. గీతలు దొరికాయి. తప్పంతా చెరిపేసి మళ్ళీ కొట్టింది. బోర్డు మీద వరస సరిగ్గా పడింది. మా ఆవిడ నా చెయ్యి వదిలింది, కమిలిపోయింది.

అలా చాలా బస్సులు వచ్చి వెళ్ళాయి. పెద్దాయన "బాగుంది, బాగుంది" అంటూ కదలబోయాడు. అప్పుడు మైకమ్మ మైకు కట్టేసి, ఆయన వైపు తిరిగింది.

"ఒక మాట సార్. నాకు కనిపించదు. చాలాకాలంగా కనిపించడం లేదు."

తాళాల గలగల ఆగిపోయింది. ఆయన తెర చూశాడు, బయట బోర్డు చూశాడు, ఆవిడ చెవిలోని ఇయర్‌ఫోను చూశాడు. మైకమ్మ చేతులు మళ్ళీ గుడ్డ కిందకి దూర్చుకుంది. ఆఖరికి ఆయన వంగి, గుడ్డ అంచు కొంచెం పైకెత్తాడు.

"కనిపించనప్పుడు మళ్ళీ ఈ గుడ్డెందుకమ్మా?" అన్నాడు, నిజంగా అర్థం కాక.

"మా క్లాసులో అందరికీ కప్పుతారు సార్" అంది మైకమ్మ. "నాకూ కప్పారు."

ఆ మాట అన్నప్పుడు ఆవిడ గొంతు మైకులో మాట్లాడే గొంతులాగే ఉంది. పెద్దాయన ఎత్తిన అంచుని జాగ్రత్తగా, ముందు ఎలా ఉందో అలాగే ఆవిడ చేతుల మీద పరిచాడు.

"సాయంత్రం షిఫ్టు అమ్మాయికి ఈ కంప్యూటర్ ఇంకా రావడం లేదు. రేపట్నుంచి నీ పక్కన కూర్చోబెడతాను, నేర్పు" అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ఆ పిల్లకి కూడా ఒక గుడ్డ కప్పు" అని తాళాలు తిప్పుకుంటూ వెళ్ళిపోయాడు. మా ఆవిడ బెంచీ మీదే కొంగుతో మొహం కప్పుకుంది.

మేం తిరిగొచ్చే రోజున మా బస్సు కూడా ఆ మూగ బస్సే. క్లాసు వాళ్ళంతా వచ్చారు, మంగలి మా సూట్‌కేసు మోశాడు. మైకమ్మకి డ్యూటీ, గదిలోంచి కదలడానికి లేదు. గుడ్డలన్నీ ఆవిడ దగ్గరే వదిలేశాం. మా ఆవిడ కిటికీ పక్కన కూర్చుని అద్దాల గది వైపే చూస్తోంది. చెయ్యి ఊపబోయి, ఆగిపోయింది.

మైకు పలికింది. బస్సు నంబరు, ప్లాట్‌ఫారం, వెళ్ళే ఊరు, అన్నీ వరసగా. తర్వాత కాస్త ఆగి, స్టేషన్ మొత్తం వినపడేలా, మన భాషలో: "టీచరమ్మా, చూడకూడదు!"

జనానికి ఒక్కముక్క అర్థం కాక మొహమొహాలు చూసుకున్నారు. మంగలి మాత్రం చప్పట్లు కొట్టాడు. బస్సు కదిలింది. టైపు నేర్పినన్నాళ్ళూ ఊరందరికీ చూడొద్దని చెప్పిన మనిషి, మలుపు తిరిగి ఆ గది కనుమరుగయ్యేదాకా మెడ తిప్పి చూస్తూనే ఉంది. నేనూ చూస్తూనే ఉన్నాను.